హద్రియను గోడ: శిథిలరక్షణము

రోమక చక్రవర్తియగు హద్రియను క్రీ. శ. 122లో బ్రిటను ద్వీపమునకు వచ్చినపుడు తన రాజ్యమున కుత్తరపు టెల్లగా నొక గోడను గట్టింప నారంభించెను. తూర్పు పడమటి తీరములను గలుపుచు నది 73 మైళ్లు సాగెను. సేనలు తొలఁగిన పిదప నా గోడ చుట్టుపట్ల పల్లెలకు రాతిగని యయ్యెను. 1745వ సంవత్సరపు తిరుగుబాటు పిమ్మట దొరతనమువారే దండుబాట వేయుచు, పెక్కు మైళ్లు గోడను బడగొట్టి యా రాళ్లనే పఱచిరి. పాఠశాలలలో లాటిను గ్రంథములు గౌరవముతోఁ జదువుచున్న కాలముననే యిది జరుగుట చిత్రము.

జాన్ క్లేటను (1792-1890) అను న్యాయవాది గోడ సాగు పొలములను గొని, పడిన రాళ్లను మరలఁ బేర్పించెను. ఆతఁడు లేకున్న నేఁడు చూచుట కింత మిగిలియుండదు. కాని పనివాండ్రు సున్నము లేకయే పేర్చిరి; ఎందాఁక రోమకుల కట్టడమో, యెచ్చటనుండి క్లేటనుదో నిర్ణయించుట పండితులకు శ్రమయైనది. రక్షణమే శోధనమున కడ్డువచ్చిన దనవచ్చును.

గోడకు దక్షిణమున విందొలాండ కోటలో 1973 మొదలు దొరకిన పలుచని చెక్కరేకుల కథ వేఱు. తెలుగునాటి తాళపత్రములను జెఱచు తడియే వీనికిఁ బ్రాణమైనది. గాలి చొరని బురదలో సిరా వ్రాఁత నిలిచినది. క్రీ. శ. 100 ప్రాంతమున నొక దళాధిపతి భార్యయగు క్లాడియా సెవెరా తన పుట్టినదినమునకు రమ్మని సుల్పీసియా లెపిడీనాకుఁ బంపిన లేఖ వీనిలో నొకటి. తుదిపలుకు లామె స్వహస్తమున వ్రాసినవి. నేల యెండినచోఁ ద్రవ్వని రేకులు నశించును. త్రవ్వినచోఁ బొరలు చెదరును. ఎండుభయము చేతనే సమీపమందలి మాగ్నా కోటలో 2023లోఁ ద్రవ్వకములు మొదలిడిరి.