గెడ్డ పక్కన పాత కుటుంబాలు



ఈసారి రాజుల చరిత్ర కాదు, మన గెడ్డల పక్కనుండే ఫెర్న్ మొక్కల చరిత్ర రాస్తున్నాం.

వీటికి పువ్వు లేదు, కాయ లేదు, విత్తనం లేదు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలుంటాయి, గోకితే పొడి రాలుతుంది. ఆ పొడే సిద్ధబీజాలు. అవి మొలిచి ముందు గోరంత పచ్చటి రేకు అవుతుంది. దాని మీద మగకణం ఆడకణం దగ్గరికి నీళ్లలో ఈదుకుంటూ పోవాలి. తడి లేకపోతే పిల్లమొక్క పుట్టదు. అందుకే చాలా ఫెర్న్‌లు నీడనీ నీటినీ వదిలి దూరం పోవు.

అరకు, అనంతగిరి వైపు లోతైన గెడ్డల్లో ఆంజియోప్టెరిస్ ఉంది. ఒక్కో ఆకు మనిషికంటే పొడుగ్గా పెరుగుతుంది. దాని కుటుంబం మరాటియేసీ. ఆ కుటుంబపు పాత బంధువుల శిలాజాలు 30 కోట్ల ఏళ్ల నాటి బొగ్గుపొరల్లో కూడా దొరికాయి. డైనోసార్లు అప్పటికి పుట్టనేలేదు! అక్కడే సయాథియా కూడా ఉంది. నల్లటి కాండంతో తాటిమొక్కలా నిలబడుతుంది గానీ అదీ ఫెర్నే.

మరి వీటి గురించి రాసిందెవరు? రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అనే తెల్లదొర. మద్రాసు సైన్యంలో చేరి, 1860 నుంచి 1882 దాకా మద్రాసు అటవీశాఖకి పెద్దగా ఉన్నాడు. దక్షిణ భారత ఫెర్న్‌ల మీద బొమ్మలతో పుస్తకం వేశాడు, 1883లో ఇంకోటి. ఆ బొమ్మలు నిజంగా గొప్పవి, కాదనం. విశాఖ దగ్గరి గోల్కొండ కొండల (హైదరాబాద్ గోల్కొండ కాదండోయ్) నుంచి ఒక పాకే జీవికి 1870లో పేరు కూడా పెట్టాడు. ఆ కొండలెక్కడానికి దారి చూపిందెవరు? మనవాళ్లే అయ్యుంటారని మా అనుమానం. ఆయన దిగిపోయిన 1882లోనే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడుకి, కట్టెకి, మేతకి అడ్డు పడింది. 1922లో మన్యం తిరగబడటానికి ఆ అడవి ఆంక్షలూ ఒక కారణం. మొక్కల లెక్క రాసిన శాఖే మనల్ని అడవికి పరాయివాళ్లని చేసింది.

ఆ లెక్కా మారుతూనే ఉంది. ఒకప్పుడు చాలా ఫెర్న్‌లని పాలిపోడియేసీ అనే ఒక్క కుటుంబంలోనే వేసేవాళ్లు. డీఎన్ఏ చూశాక, 2016 నాటికి సుమారు పదిన్నర వేల ఫెర్న్ జాతులు 48 కుటుంబాలయ్యాయి. లాటిన్ పేర్లు ఇన్నిసార్లు మారినా, మన భాషల్లో పేర్లు ఆ పుస్తకాల్లో కెక్కలేదు.

కాబట్టి ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు అవ్వనీ తాతనీ అడగండి. కువి, ఆదివాసీ ఒడియా, కొండదొర భాష, ఏదైనా సరే, పేరు కింద రాయండి. ఏ గెడ్డలో ఉందో మాత్రం రాయొద్దు. సయాథియా కాండాన్ని ఆర్కిడ్లు పెంచడానికి నరికి అమ్ముకునేవాళ్లు ఉన్నారు.