గుట్ట మీది యాంటెన్నా

మన గూడేలకు టీవీ ఎలా వచ్చిందని అడిగితే చాలామంది రామాయణం సీరియల్ గురించి చెబుతారు. ఆ బొమ్మ కోసం గుట్టెక్కిన వాళ్ల సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ‘సైట్’ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ చూపించారు. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. ఎనభైల్లో చిన్న పట్టణాల్లోనూ 100 వాట్ల ట్రాన్స్‌మిటర్లు లేచాయి. ఆ తరంగాలు ఇంచుమించు చూపు మేర నేరుగా సాగుతాయి. మధ్యలో గుట్ట ఉంటే దాని వెనక గూడేనికి అందేది చాలా తక్కువ.

అందుకే పంచాయతీ టీవీకి పొడవాటి వెదురు కట్టి, దాని కొసన అల్యూమినియం పుల్లల యాంటెన్నా బిగించాం. 1926లో జపాన్‌లో ఉడా, యాగీ అనే ఇద్దరు చేసిన నమూనా అది. ఒకరు పైన తిప్పడం, ఒకరు కిందనుంచి “మామా, ఆపు! అయ్యో, పోయింది!” అని అరవడం. ఎంత తిప్పినా బొమ్మ కన్నా చుక్కలే ఎక్కువ.

చందాలేసుకుని బూస్టర్ కొన్నాం. తెచ్చి టీవీ పక్కనే పెట్టాం. చుక్కలు ఇంకా మెరిశాయి! పైనుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ పొడుగు వైరులోనే సగం చచ్చి దిగుతోంది. దానికి కలిసిన రొదను కూడా బూస్టర్ పెంచుతోంది. లేని బొమ్మను అది పుట్టించలేదు. (వైఫై అందని గదిలో రిపీటర్ పెట్టి తిట్టుకునేవాళ్లూ చేస్తున్నది ఇదే.) బూస్టర్‌ను వెదురు కొసన, యాంటెన్నా పక్కనే కట్టి, వెదురునే గుట్ట వాలు మీదికి మార్చాక బొమ్మ నిలబడింది.

బొమ్మ నిలబడింది గానీ మాట మనది కాదు. ఒకపూట హిందీ, ఒకపూట తెలుగు. గోండి తప్ప వేరే భాష రాని మా అవ్వ ప్రతి మాటకీ “ఏమంటున్నాడు?” అనేది. ఆశ్రమ పాఠశాలలో చదివిన మేం అర్థమైనంత చెప్పేవాళ్లం, కానిది కల్పించేవాళ్లం. ఆదిలాబాద్ రేడియోలో గోండి కార్యక్రమం వచ్చే పూట మాత్రం అవ్వ ఎవరినీ ఏమీ అడిగేది కాదు.