ఒంటరి ఫైసలా

జూలియస్ వేటీస్ వేరింగ్ 1880లో అమెరికాలోని చార్లెస్టన్‌లో పుట్టారు. ఆ ఊళ్ళో ఎనిమిది తరాల తెల్లవాళ్ళ ఖాందాన్. అబ్బా గులామీ కోసం లడాయి చేసిన దక్షిణాది ఫౌజులో సిపాయి. 1942లో ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ ఆయన్ని అక్కడే ఫెడరల్ ట్రయల్ జడ్జిని చేశారు. అప్పటికి ఉమర్ 61.

1946లో ఐజాక్ వుడార్డ్ ముకద్దమా వచ్చింది. జంగ్ నుంచి యూనిఫామ్‌లోనే ఇంటికెళ్తున్న ఆ నల్ల సిపాయిని పోలీసు అధికారి కొట్టి రెండు కళ్ళూ పోగొట్టాడు. తెల్లవాళ్ళ జ్యూరీ అరగంటలోపే అతణ్ణి వదిలేసింది. జడ్జి కుర్చీలో చూస్తూ కూర్చున్నారు. జమీర్ మాత్రం ఊరుకోలేదు.

1947లో డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీలో నల్లవాళ్ళకు ఓటు హక్కుందని ఫైసలా ఇచ్చారు. ఊరు సలాం మానేసింది. ఇంటిమీద రాళ్ళు పడ్డాయి.

1951లో క్లారెండన్ కౌంటీ బడుల కేసు. పిల్లలకు బస్సు అడగడంతో మొదలైన తగాదా అది. ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు వేరు బడులకు సరేనన్నారు. రంగు చూసి పిల్లల్ని విడదీయడమే నాఇన్సాఫీ అని వేరింగ్ ఒక్కరే రాశారు. మరుసటి ఏడు రిటైరై న్యూయార్క్ వెళ్ళిపోయారు.

1954లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలూ ఆ మాటే అన్నారు.

1968లో ఆయన మయ్యత్ చార్లెస్టన్‌కే చేరింది. జనాజాకు వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళు కొద్దిమందే. 2015లో అక్కడి ఫెడరల్ అదాలత్‌కు ఆయన పేరు పెట్టారు. అంతకుముందు దానిమీదున్న తన పేరు తీసేయమని అడిగింది మాజీ సెనేటర్ హోలింగ్సే.

ఇద్దరి ముందు ఓడిన ఒక్కడి రాత కూడా రికార్డులో ఉంటుంది. పిల్లలకు ఈ కిస్సా చెప్పండి.