చావు లెక్కలు చెప్పిన సత్యము

ఊరిలో తెగులు అడుగుపెట్టినదని ముందుగా తెలిసికొనుట ఎట్లు? లండను నగరము నాలుగు వందల యేండ్ల క్రిందటనే ఇందుకొక ఉపాయము చేసికొనెను.

1603 నుండి ఆ నగరమున వారమువారము మృతుల పట్టికలు ఎడతెగక వెలువడుచుండెను. ఎవరైన చనిపోగా దేవాలయపు గంట మ్రోగును. సంఘము నియమించిన వృద్ధ స్త్రీలు ఆ యింటికి పోయి, శవమును చూచి, చావునకు కారణము దేవాలయపు గుమాస్తాకు తెలుపుదురు. గుమాస్తాలు ఆ లెక్కలన్నియు కూర్చి, అచ్చువేయించి, గురువారమున వెలువరించుచుండిరి. ప్లేగు అంకె పెరిగినచో ధనవంతులు బండ్లు కట్టించుకొని పల్లెలకు తరలిపోవుదురు, బీదలు మిగిలిపోవుదురు.

ఈ కావలి ఎంతమాత్రము నమ్మదగినది? దీనిని శ్రద్ధగా పరీక్షించినవాడు వైద్యుడు కాడు; జాన్ గ్రాంట్ అను బట్టల వర్తకుడు. 1662లో అతడు తన గ్రంథమును ప్రకటించెను. 1625వ సంవత్సరపు పట్టికలలో 35,417 మంది ప్లేగు చేత మరణించిరని యున్నది. అయితే ఆ యేడు ఇతర వ్యాధుల చావులు కూడ మామూలుకంటె రెండింతలు మించెను. ఆ యొక్క యేడే అవి ఏల పెరుగవలెను? ప్లేగు చావులే వేరు పేర్లతో లెక్కకెక్కినవని అతడు గ్రహించి, అసలు సంఖ్య నాలుగవ వంతు హెచ్చని తేల్చెను.

జనులు ఏల దాచిరి? ప్లేగు అని తెలిసిన యింటి తలుపు మూసి, దానిపై ఎఱ్ఱ సిలువ గురుతు వేసి, రోగులతోపాటు ఆరోగ్యవంతులను గూడ వారముల తరబడి లోపలనే బంధించుచుండిరి. అందుచేత ఆ స్త్రీలకు లంచమిచ్చి వేరు జబ్బు పేరు చెప్పించువారు లేకపోలేదు. ఆ స్త్రీలును పేదరాండ్రే.

1664లో పట్టికలకెక్కిన ప్లేగు చావులు పదికి మించలేదు. 1665లో అవి 68,596 ఆయెను. నిజముగా లక్షమంది వరకు మరణించి యుందురని చరిత్రకారుల అంచనా. తమ స్వంత శ్మశానములలో పాతిపెట్టుకొనిన క్వేకరులు, యూదులు ఆ లెక్కలోనికి రానేలేదు. అయినను పట్టికలు వ్యర్థము కాలేదు. అంకె తక్కువైనను, అది వారమువారము పెరుగుట కండ్లకు కనబడుచుండెను.

కావలివాడు ఎంత మెలకువగా ఉన్నను, నిజము చెప్పిన యింటికి శిక్ష పడునెడల నిజము గడప దాటదు. కాబట్టి జ్వరముల సంగతి అడుగుటకు ఆరోగ్య కార్యకర్త మన వీధికి వచ్చినప్పుడు దాచక చెప్పుదము. చెప్పిన యింటిని వెలివేయక, ఆ గుమ్మమునకు నీళ్లు, గంజి చేర్చుదము. అట్టి ఊరి లెక్కయే సత్యమైన లెక్క.