నమూనా వచ్చేది ఓడలో

బ్యాంకాక్‌లో అద్దెకు దిగిన కొత్తలో మా ఇంటావిడను నేను ‘బట్ట’ అని పిలిచేదాన్ని. థాయి భాషలో పెద్దమ్మ వరసావిడను ‘పా’ అంటారు, బట్టను ‘ఫా’ అంటారు. రెండూ పలికే స్వరం ఒకటే. తేడా అంతా పెదవుల మధ్య నుంచి వదిలే ఊపిరిలో ఉంది. ప, ఫ మనకూ వేరు వేరు అక్షరాలే, బళ్ళో దిద్దించారు కూడా, కానీ నోటికి మాత్రం పట్టుబడలేదు. ఆవిడ కోప్పడలేదు. ఒకరోజు నా అరచెయ్యి నా నోటి ముందే పెట్టించి, ఊపిరి తగిలితే బట్ట, తగలకపోతే నేను అని నేర్పింది. నన్ను ‘నూ’ అంటుంది. ఎలుకపిల్ల అని అర్థం, పిల్లల్ని ముద్దుగా పిలిచే మాట. థోన్‌బురి వైపు, కాలవ గట్టున ఉన్న ఆ ఇంట్లో ఉంటూ, దగ్గర్లో బళ్ళో లెక్కలు చెప్పుకుంటూ పదకొండేళ్ళు గడిచాయి.

మాది పెడన. మచిలీపట్నానికి పక్కనే. తాతయ్య అద్దకం పనిచేసేవాడు, పెదనాన్న టేకు చెక్క మీద అచ్చులు చెక్కుతాడు. ఈ సంగతి పాకు తెలిసిన ఏడాది, సొంగ్‌క్రాన్ పండగ రోజున, అడుగున దాచిన పెట్టె తెరిచింది. సువాసన వత్తుల పొగ పట్టించి మడిచిపెట్టిన బట్ట. వాళ్ళ అమ్మమ్మది. దాన్ని నడుముకు చుట్టి, రెండు కొసలూ కలిపి మెలివేసి, కాళ్ళ మధ్య నుంచి తీసి వెనక దోపి చూపించింది. అచ్చంగా మన గోచీ కట్టు. ఇక్కడ దీన్ని ‘చోంగ్ క్రబేన్’ అంటారు. ముదురు ఎరుపు నేల, దాని నిండా గళ్ళలో చేతులు జోడించిన దేవతలు, రెండు కొసల్లోనూ మొనదేలిన కోణాల వరసలు.

ఇది మా ఊరి పనేనని నాకు నేనే నిశ్చయం చేసుకున్నాను. కాదని తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. అది అహ్మదాబాద్ వైపు అచ్చు వేసిన బట్ట. 19వ శతాబ్దం మధ్యలో మస్కతీ అనే గుజరాతీ వర్తక కుటుంబం బ్యాంకాక్‌లో కొట్టు పెట్టి, పేథాపూర్‌లో చెక్కిన అచ్చులతో సయాం వాళ్ళ కోసమే బట్టలు వేయించి అమ్మింది. పా వాళ్ళ అమ్మమ్మ కొన్నది అలాంటిదే. కానీ ఆ గుజరాతీలు చూసి అనుకరించిన అసలు బట్ట ఎక్కడిదని వెనక్కి వెళితే, దారి మా రేవుకే చేరుకుంది.

అయుత్థయ రాజధానిగా ఉన్న కాలంలో (1351–1767) రాజుగారి కొలువులో ఎవరు ఏ బట్ట కట్టాలో రాజే నిర్ణయించేవాడు. ఉద్యోగికి హోదాతో పాటు బట్ట కూడా రాజు దగ్గర నుంచే వచ్చేది. కొసల్లోని ఆ కోణాల వరసల్ని ‘క్రువాయ్ చెంగ్’ అంటారు. వినడానికి మన చెంగులాగే ఉంటుంది, చుట్టరికం ఏమీ లేదు గానీ. వరసలు ఎక్కువైతే మనిషి పెద్దవాడన్నమాట. ఆ బట్టల కోసం సయాంలోనే చిత్రకారులు నమూనాలు గీసేవారు. ఆ నమూనాలు ఓడెక్కి కోరమండల్ తీరానికి వచ్చేవి. మనవాళ్ళు వాటిని చూసి నూలు బట్ట మీద దించేవాళ్ళు. అందుకే ఆ బట్టల పేరు ‘ఫా లాయ్ యాంగ్’. ‘లాయ్’ అంటే చిత్రం, ‘యాంగ్’ అంటే నమూనా.

మచిలీపట్నం నుంచి అయుత్థయకు రెండు దారులు. ఒకటి మలక్కా జలసంధి చుట్టూ తిరిగి వెళ్ళేది. 1641లో మలక్కా డచ్చివాళ్ళ చేతికి చిక్కింది. రెండోది సూటి దారి: బంగాళాఖాతం దాటి మెర్గుయి రేవు, అక్కడ చిన్న పడవల్లోకి సరుకు మార్చి తెనాస్సెరిం నది మీదుగా ఎగువకు, ఆపైన ఎడ్లబండ్ల మీద కొండలు దాటి సయాం సింధుశాఖ వైపుకు, అక్కణ్ణుంచి రాజధానికి. మెర్గుయి ఇవాళ బర్మాలో ఉంది, అప్పుడు సయాందే. తిరుగు ప్రయాణంలో ఆ రేవు నుంచి మచిలీపట్నానికి ఏనుగుల్ని ఓడలెక్కించేవారు. ఓడ మీద నిలబెట్టిన ఏనుగును దించడానికి మన రేవులో ఎంత హడావుడి పడ్డారోనని చాలాసార్లు ఊహించుకున్నాను.

ఈ వర్తకంలో పర్షియన్లున్నారు, గోల్కొండ ముస్లింలున్నారు, డచ్చివాళ్ళున్నారు. డచ్చివాళ్ళు మన తీరం బట్టలు సయాంలో అమ్మి, అక్కడ కొన్న జింక తోళ్ళను జపాన్‌కు తీసుకెళ్ళేవారు. ఇంగ్లీషు కంపెనీ ఓడ ‘గ్లోబ్’ 1611లో మచిలీపట్నం వచ్చి బట్టలు కొని, 1612లో పత్తాని రేవుకూ, అక్కణ్ణుంచి అయుత్థయకూ వెళ్ళింది. అందులో పీటర్ ఫ్లోరిస్ అనే వర్తకుడు దినచర్య రాసుకున్నాడు. పత్తానిలో మూటలు విప్పితే మలయా కొనుగోలుదార్లు కొన్ని బట్టల్ని చేత్తో తాకనైనా తాకలేదట. కారణం, అంచున సన్నటి తెల్లగీత లేదు. నూలు మంచిదే, రంగు మంచిదే. ఆ గీత లేదు, అంతే. నేను చదివిన సయాం చరిత్ర మొత్తంలో నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది ఈ తెల్లగీతే. సముద్రానికి అవతల ఒక మనిషి కన్ను ముందుగా దేని మీద పడుతుందో ఇవతల పనివాడికి తెలియాలి. అతను ఆ మనిషిని ఎన్నడూ చూడడు.

నారాయ్ రాజు ఏలుబడిలో (1656–1688) ఈ దారి నెత్తురు కూడా చూసింది. మెర్గుయి రేవు పెత్తనం చేతికొచ్చిన శామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు గోల్కొండ ఓడల్ని దోచుకున్నాడు. 1687లో మెర్గుయిలో ఇంగ్లీషువాళ్ళను ఊచకోత కోశారు. గోల్కొండ ఔరంగజేబుకు లొంగిపోయిందీ ఆ ఏడే. రాజులు పోయినా బట్టల వర్తకం ఆగలేదు.

పని ఎలా జరిగేదో మా ఇంట్లో చూసిందాన్నిబట్టి చెబుతాను. ముందు బట్టను కరక్కాయ కషాయం, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టాలి. పాలలోని జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. ఇనుప తుక్కు, బెల్లం కుండలో పులియబెట్టిన నీళ్ళతో నల్లగీత వేస్తారు. వేసేటప్పుడు అది లేత గోధుమరంగే, కరక్కాయ తగలగానే కళ్ళ ముందే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక. ఆ తర్వాత రంగువేరు నీళ్ళలో ఉడకబెట్టడం. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. వెనక ఈ ఎరుపు చిరివేరుది. నిజాంపట్నం వైపు దొరికే వేరుకు 17వ శతాబ్దంలోనే పెద్ద పేరు. నీలి కావాలంటే మిగతా భాగమంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచాలి. ప్రతి రంగుకూ మధ్య పారే నీళ్ళలో జాడింపు. సయాం కొలువు కోసం దేవత వేలి కొసల్లాంటి సన్నపని కలంతోనే వేసేవాళ్ళు. ఆ వేళ్ళు వెనక్కి వంగి ఉండాలి, థాయి నాట్యంలోలాగా.

ఇంకో రకం ఉంది. ‘ఫా లాయ్ నోక్ యాంగ్’. ‘నోక్’ అంటే బయట. నమూనాకు బయటి బట్ట అన్నమాట. కొలువు నమూనాలు చూసి చూసి చెయ్యి తిరిగిన మనవాళ్ళు, బజారులో అమ్మకానికి సొంతంగా వేసినవి. వాటిలో దేవత ఉంటాడు, జ్వాలలాంటి ‘కనోక్’ మెలికలూ ఉంటాయి, కానీ మధ్యలో మన తీగ పాకుతుంది, మన పువ్వు పూస్తుంది. రాజప్రాసాదం ఆవరణలో 2012లో తెరిచిన సిరికిత్ రాణి వస్త్ర ప్రదర్శనశాలలో పాత బట్టల ముందు నిలబడినప్పుడు నా కళ్ళు వీటి కోసమే వెతుకుతాయి. కొలువు బట్ట గొప్పదని ఒప్పుకుంటాను. కానీ అందులో పనివాడు కనబడడు. నోక్ యాంగ్‌లో కనబడతాడు. ఆ తీగ ఎవరూ చెప్పకుండా అతను వేసింది.

1939లో సయాం థాయిలాండ్ అయింది. ఆ ఏడు మొదలు ప్రధానమంత్రి ఫిబూన్ వరసగా సంస్కృతి శాసనాలు తెచ్చాడు. 1941 నాటి శాసనంతో చోంగ్ క్రబేన్ కట్టడం అనాగరికమైపోయింది. ఆడవాళ్ళు లంగాలు, టోపీలు వేసుకోవాలన్నారు. పా వాళ్ళ అమ్మమ్మ ఆ బట్టను అప్పుడే పెట్టెలో పెట్టిందట. 2018లో నారాయ్ రాజు కాలం కథతో ‘బుప్పేసన్నివాత్’ టీవీ సీరియల్ వచ్చాక దేశమంతా మళ్ళీ గోచీలు కట్టింది. అయుత్థయలోని వాట్ చైవత్థనారాం గుడి దగ్గర అద్దెకు తీసుకుని కట్టుకుని ఫొటోలు దిగే పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు. మరబట్ట మీద మరఅచ్చు. అయినా దూరం నుంచి ఆ ఎరుపు చూస్తే నాకు గుండె ఆగినట్టుంటుంది.

రెండేళ్ళ కిందట పా దగ్గర బట్ట అడిగి తీసుకుని, అందులోని దేవతను పల్చటి కాగితం మీద దించుకుని పెడన తీసుకెళ్ళాను. పెదనాన్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “దీనికి పైన ఏది, కింద ఏది?” అని అడిగాడు. మూడు వారాల్లో అచ్చు చెక్కాడు, ఎర్ర నేల మీద మూడు మీటర్ల బట్ట వేయించాడు. పండక్కి పా చేతిలో పెట్టాను. ఆవిడ ముందు వాసన చూసింది. తర్వాత మడత విప్పి, దేవతల వైపు చూడకుండా నేరుగా కొసలు వెతికింది. ఒక కొస, రెండో కొస.

“కోణాలు ఏవి, నూ?”

నేను కాగితం మీదికి దేవతను ఒక్కడినే ఎత్తుకొచ్చాను. కొసల సంగతే తట్టలేదు. ఆ రాత్రి పెదనాన్నకు ఫోన్ చేశాను.

“నమూనా సగం పంపితే బట్ట సగమే వస్తుందమ్మా,” అన్నాడు. “ఆ వరసలు ఎన్నో లెక్కపెట్టి చెప్పు.”

పాను అడిగాను. పెట్టె తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, వేలితో తడుముతూ లెక్కపెట్టింది. మూడు.