చచ్చిన తాబేళ్ల లెక్క

తాబేలు దీర్ఘాయుష్షుకు పెట్టింది పేరు. బ్రిటన్‌లో ఆ పేరే దాని పాలిట శాపమైందని నాకనిపిస్తుంది. లాంబెత్ ప్యాలెస్‌లో ఆర్చిబిషప్ లాడ్ పెంచిన తాబేలు, 1645లో ఆయన శిరచ్ఛేదం జరిగాక కూడా వందేళ్లకు పైగా బతికి, 1753లో తోటమాలి అజాగ్రత్తవల్ల పోయిందంటారు. సెల్‌బోర్న్‌లో ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్‌కు 1780లో మేనత్త ఇంటినుంచి వచ్చిన టిమొతి అనే తాబేలు ఆయన పోయిన మరుసటి ఏడు, 1794 దాకా ఉంది. పేరు మగవాడిదే గానీ అది ఆడతాబేలని పోయాకే తేలింది. అంత శ్రద్ధగా గమనించిన మనిషికే అంతుచిక్కలేదు మరి. పట్టించుకోకపోయినా తాబేలు బతికేస్తుందనడానికి ఈ కథలనే చూపిస్తారు. కానీ టిమొతి వైట్ చేతికి వచ్చేసరికే ముదురు ప్రాణి. పైగా బతికినవాటి డిప్పలు మ్యూజియానికి చేరాయి, చచ్చినవి పెరటి మట్టిలో కలిశాయి.

ఇరవయ్యో శతాబ్దంలో మొరాకో, టర్కీ, యుగోస్లావియాల నుంచి తాబేళ్లను పెట్టెల్లో కుక్కి బ్రిటన్‌కు దిగుమతి చేసేవారు. చలికాలం నిద్రకు పోయినవాటిలో చాలా మళ్లీ లేవలేదు. వసంతంలో దుకాణంలో ఇంకొకటి చవకగా దొరికేది గనుక, ఎందుకు పోయిందని అడిగే అవసరం పెద్దగా రాలేదు. 1984లో యూరప్ ఈ మధ్యధరా తాబేళ్ల వ్యాపార దిగుమతిని ఆపేశాక, ఉన్నవాటి గుడ్లు పొదిగించి పిల్లల్ని సాకక తప్పలేదు. అక్కడ పాత నమ్మకాలు బెడిసికొట్టాయి. ఎండ నేలల జీవి కాబట్టి పొడిగా ఉంచాలనేవారు. డిప్ప మీద గోపురాల్లా ఎత్తులు లేస్తే మాంసకృత్తులు ఎక్కువైన ఫలితమనేవారు. 2003లో ఆఫ్రికా సల్కాటా జాతి తాబేలు పిల్లల మీద వియన్నా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, మాంసకృత్తుల కంటే గాలిలో తేమ తక్కువ కావడమే ఆ ఎత్తులకు పెద్ద కారణమని తేలింది. అడవిలో పిల్లలు గడ్డి మొదళ్లలో, ఆకుల కింద, చల్లని మట్టిలో దాక్కుంటాయి. ఎడారి పైపొర వాటి ఇల్లు కాదు. ఇప్పుడు తడి మట్టి పరుస్తున్నారు, లోతులేని గోరువెచ్చని నీళ్లలో తరచూ కూర్చోబెడుతున్నారు, తూకం రాసిపెడుతున్నారు.

పెంపకంలో ఈ మార్పంతా ఎండకు బదులుగా పెట్టే అతినీలలోహిత దీపాల చలవే, నిషేధానిది కాదు అనవచ్చు. దీపాలు మేలు చేశాయి, నిజమే. కానీ చచ్చిన పిల్లను పశువైద్యుడి బల్ల మీదికి పంపే అలవాటు దీపంతో రాదు, ఇంకొకటి సులువుగా దొరకదని తెలిస్తేనే వస్తుంది. నిషేధం దొంగరవాణాను పెంచిందన్న మాట బరువైనది. రాయలసీమ మెట్టనేలల్లో తిరిగే నక్షత్ర తాబేలు కూడా ఆ రవాణాకు బలైంది. 2019లో అంతర్జాతీయ వ్యాపారం మీద అత్యంత కఠినమైన ఆంక్షల జాబితాలోకి అది చేరింది, మన దేశంలో ఇంట్లో పెంచడం నేరం. అయితే సంచుల్లో కుక్కి పంపే ఆ బేరం కూడా పాత పెట్టెల లెక్కే: పోయినవాటి స్థానంలో ఇంకొన్ని. పిల్ల చనిపోతే తన తప్పేమిటని నేటి పెంపకందారు కుమిలిపోవడం ఈ చరిత్రలో కొత్త. చవక తాబేళ్ల కాలంలో ఆ ఏడుపును మరో తాబేలు తీర్చేది.