పేరు, పదవి, తాళపుచెవి

విజయవాడ నుండి హైదరాబాదు పోవు రాజమార్గమున నందిగామ దాటి మరికొంత దూరము సాగినచో జగ్గయ్యపేట వచ్చును. కృష్ణా మండలమున మెట్టసీమ యని పేరు పొందిన ఈ ప్రాంతము 2022 ఏప్రిలు 4వ తేదీ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. పేటకు పూర్వనామము బేతవోలు. అమరావతి ప్రభువైన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట దీనికి ఇప్పటి నామమును కల్పించెను. ఊరి చేరువ గుట్టమీద ప్రాచీన బౌద్ధస్తూపము కలదు. 1882లో జేమ్స్ బర్జెస్ దానిని పరిశీలించి, అచటి శిల్పములను, శాసనములను లోకమునకు తెలిపెను.

ఆ శాసనములు ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని ఇరువదవ పాలనా సంవత్సరమునకు, అనగా క్రీస్తు తరువాతి మూడవ శతాబ్దికి చెందినవి. భాష ప్రాకృతము. మహాచైత్యపు తూర్పు ద్వారమున అయిదు ఆయక స్తంభములను ప్రతిష్ఠించిన దాత తన్ను తాను ఎరిగించుకొన్న తీరు గమనింపదగినది. తాను సిద్ధార్థుడు, కమ్మకరాష్ట్రములోని నడతూరు గ్రామపు శిల్పియైన నాగచంద్రుని కుమారుడు, తానును శిల్పియే, నివాసము మరియొక గ్రామము. తరువాత తల్లిని, భార్యను, బిడ్డలను, సోదరుని వరుసగా పేర్కొని, వారందరితో కూడి ఈ దానము చేసితిననెను. ఒకే పాఠము ఒకటికి మించిన స్తంభములపై చెక్కబడినది.

మనము దీనిని పుణ్యకార్య ప్రకటనగానే గాక, ఒక మనిషిని గుర్తించు పద్ధతికి నిదర్శనముగా కూడ చదువవచ్చును. సిద్ధార్థుడను పేరు గలవారు పలువురుండవచ్చు. తండ్రి, వృత్తి, గ్రామము, రాష్ట్రము అను నాలుగును చేర్చిన పిమ్మట అతడు మరియొకడు కాజాలడు. ఒక స్తంభము చెడినను మరియొకటి సాక్ష్యము పలుకును. పదునేడు వందల సంవత్సరములు గడచిన పిదప కంప్యూటర్ల నెట్‌వర్కులను నడపువారికి సరిగా ఈ రెండు అవసరములే ఎదురైనవి. వేలమందిలో ఒక మనిషిని పొరపాటు లేక గుర్తించుట యెట్లు? ఆ గుర్తింపు ఒకచోట చెడినను నిలుచుట యెట్లు? నేడు సంస్థలలో డైరెక్టరీ యని వ్యవహరింపబడు వ్యవస్థ ఈ ప్రశ్నలకు చెప్పిన సమాధానము. దాని చరిత్రను మన సీమ చరిత్రతో జతపరచి చూచుట మా ఉద్దేశము.

మన గ్రామములలో ఈ పనిని బహుకాలము చేసినవాడు కరణము. ఏ పొలము ఎవరిది, ఏ పైరు వేసిరి, శిస్తెంత, బాకీ యెంత అను లెక్కలన్నియు ఆతని దస్త్రములలో నుండెడివి. చిట్టా, అడంగలు అను మాటలు నేటికిని రైతుల నోట వినబడుచున్నవి. కర్నల్ కాలిన్ మెకంజీ స్థానిక చరిత్రలను సేకరించినపుడు గ్రామ కరణముల కవిలెలే ఆతనికి ముఖ్యాధారములైనవి. ఒక ఊరిలో ఇద్దరు సుబ్బారావులున్నచో ఇంటిపేరు, తండ్రిపేరు చేర్చి వారిని వేరుపరచినవాడు కరణమే. అయితే ఆతని పనిలో గుర్తింపుతో పాటు మరియొకటి కూడ ఇమిడియుండెను. దస్త్రమును ఎవరు చూడవచ్చును, ఎవరు దిద్దవచ్చును అను అధికారమే అది. దస్త్రము కరణము ఇంటిలోని పెట్టెలో నున్నప్పుడు ఆ పెట్టె తాళపుచెవి ఆతని మొలనే యుండెను.

ఆ చెవి వంశక్రమముగ సంక్రమించెడిది. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము దానికి బలము చేకూర్చినది. గుంటూరు మండలమున తెనాలి తాలూకాకు చెందిన ఒక గ్రామ మునసబు పదవిని గూర్చి గాజుల దశరథరామారావు తెచ్చిన వ్యాజ్యమున, 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఆ పదవి ప్రభుత్వోద్యోగమే యనియు, వంశమును బట్టి దానిని ఇచ్చుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమనియు తేల్చినది. పిదప 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల పదవులనే రద్దు చేసినది. మరుసటి సంవత్సరము మండలములు ఏర్పడినవి. ఈ చరిత్ర నేర్పిన పాఠము స్పష్టమైనది. తాళపుచెవి మనిషిది కాదు, వంశముది అసలే కాదు, అది పదవిది. పదవి మారినపుడు చెవి చేతులు మారవలెను.

కంప్యూటర్ల లోకము ఈ పాఠమును తన దారిన తాను నేర్చుకొనినది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున ఫెర్నాండో కోర్బటో బృందము 1961లో ప్రదర్శించిన యంత్రవ్యవస్థలో ఒకే కంప్యూటరును పలువురు పంచుకొనుచుండిరి. ఎవరి పని వారికే దక్కుటకై ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డు, అనగా గుప్తపదము, ఏర్పాటు చేసిరి. ఆ గుప్తపదములన్నియు ఒక పట్టికలో నుండెడివి. ఆ దశాబ్దిలోనే ఒకనాడు వింత జరిగినది. ఇద్దరు నిర్వాహకులు ఏకకాలమున రెండు వేరువేరు పత్రములను దిద్దుచుండగా, యంత్రము వానికి ఒకే తాత్కాలిక నామమును వాడుటచే ఒకటి మరియొకదాని స్థానమున చేరినది. నాటి ప్రకటనకు బదులు అందరి గుప్తపదముల పట్టిక, కంప్యూటరును తాకిన ప్రతివాని యెదుటను ముద్రితమయ్యెను. కరణము పెట్టె నడివీధిలో బోర్లపడినట్లయినది. ఇట్టి అనుభవముల పిదప గుప్తపదమును ఉన్నదున్నట్లు దాచక, తిరిగి విప్పరాని రూపమునకు మార్చి దాచు పద్ధతి స్థిరపడినది. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రకటించిన వ్యాసము ఈ విషయమున ప్రసిద్ధము.

కంప్యూటరు ఒక్కటియే అయినపుడు పట్టిక ఒక్కటి చాలును. యంత్రములు పదులు, వందలు కాగా, ప్రతిదానియందును ఒక పట్టిక యుండుట దుర్భరమైనది. ఉద్యోగి యొకడు చేరినచో వంద పట్టికలలో వ్రాయవలెను. మానినచో వంద చోట్ల కొట్టివేయవలెను. ఒక్కచోట మరచినను తలుపు తెరచియే యుండును. అందుచే 1980వ దశకమున ఉమ్మడి పట్టికలు వెలసినవి. జిరాక్స్ పరిశోధకులు నిర్మించిన గ్రేప్‌వైన్ అను వ్యవస్థలో ప్రతి పేరును వ్యక్తి, రిజిస్ట్రీ అను రెండు భాగములు కలది. పట్టిక ప్రతులు పలు యంత్రములలో నుండెడివి. సన్ సంస్థ తన పట్టికకు మొదట టెలిఫోను పుస్తకమును తలపించు యెల్లో పేజెస్ అను పేరు పెట్టి, బ్రిటనులో ఆ పేరు వేరొకరి హక్కగుటచే తరువాత మార్చుకొనెను. 1988లో టెలిఫోను, టెలిగ్రాఫు వ్యవహారముల అంతర్జాతీయ సంఘము ఎక్స్.500 అను ప్రమాణమును వెలువరించినది. అందు మనిషి పేరు దేశము, సంస్థ, విభాగము, వ్యక్తి అను మెట్లుగా సాగును. జగ్గయ్యపేట సిద్ధార్థుడు రాష్ట్రము, గ్రామము, తండ్రి, తాను అని చెప్పుకొన్న వరుసయే ఇది!

ఆ ప్రమాణము బరువైనది. మిషిగన్ విశ్వవిద్యాలయమున టిమ్ హోవెస్ మున్నగువారు దానిని తేలికపరచి, 1993లో ఎల్‌డ్యాప్ అను పద్ధతిని ప్రకటించిరి. ఆ యేటనే నోవెల్ సంస్థ తన డైరెక్టరీని సంస్థలకందించెను. 2000 ఫిబ్రవరి 17న విండోస్ 2000తో మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీ వెలువడి, కార్యాలయములలో మిక్కిలి వ్యాపించినది.

ఇది యెట్లు పనిచేయునో తెలియుటకు మన మెట్టసీమలోనే యొక సిమెంటు కర్మాగారమును ఊహింతము. లెక్కల విభాగము, కాటా, ప్రయోగశాల, భద్రత అని దానికి శాఖలు కలవు. డైరెక్టరీలో ఈ శాఖలు ఒక చెట్టు కొమ్మలవలె నుండును. ప్రతి ఉద్యోగియు తన కొమ్మపై ఒక ఆకు. కాటావద్ద కూర్చున్నవానికి లారీ తూకము వ్రాయు అధికారము కలదు గాని జీతముల పుస్తకము తెరచు అధికారము లేదు. ఈ అధికారములను ఒక్కొక్క మనిషికి గాక సమూహమునకు ఇత్తురు. తూకపువారి సమూహమున చేరినవానికి తూకపు అధికారము లభించును. వెడలినపుడు అది తొలగును. 1960 నాటి తీర్పులోని న్యాయమే ఇచటను కనబడుచున్నది.

ఇక విధానములు. గుప్తపదమునకు కనీసము ఎన్ని అక్షరములుండవలెను, యంత్రమును విడిచిపోయిన ఎన్ని నిమిషములకు తెర మూతపడవలెను, బయటినుండి తెచ్చిన పరికరమును తగిలింపవచ్చునా అను నియమములను ఒకచోట వ్రాసినచో యంత్రములన్నియు వానిని పాటించును. మొదట యంత్రపు సొంత నియమము, పిదప స్థలనియమము, పిదప సంస్థ నియమము, చివర శాఖ నియమము వర్తించును. వైరుధ్యము కలిగినచో చివరిదే, అనగా మనిషికి దగ్గరిదే, నెగ్గును. అయితే పైవారు తప్పనిసరి యని ముద్రవేసిన నియమమును క్రిందివారు తోసివేయజాలరు. రెవెన్యూ బోర్డు స్థాయీ ఉత్తర్వులు, కలెక్టరు ఆజ్ఞలు, తహశీల్దారు ఆదేశములు వరుసగా గ్రామమునకు దిగివచ్చిన తీరును ఎరిగినవారికి ఇది క్రొత్తగా తోచదు. వేగమొక్కటియే భేదము. యంత్రములు సుమారు తొంబది నిమిషములకొకసారి నియమములను తిరిగి అడిగి తెలిసికొనును. అన్నియు ఒకేసారి మీదపడకుండుటకై ఆ వ్యవధికి ముప్పది నిమిషములలోపు హెచ్చుతగ్గు కల్పించిరి.

ఈ వ్యవస్థలో మనిషిని నమ్ము తీరు కూడ చిత్రమైనది. 1983లో ఆరంభమైన ఎం.ఐ.టి. వారి అథీనా పథకమున పుట్టిన కెర్బెరోస్ అను పద్ధతి దీనికి ఆధారము. ఉదయము ఒకసారి తన్ను నిరూపించుకొన్న ఉద్యోగికి చీటీ యొకటి లభించును. సాధారణముగా అది పది గంటలు చెల్లును. తరువాత ప్రతి తలుపువద్దను గుప్తపదము పలుకనక్కరలేదు. చీటీ చూపిన చాలును. పాతచీటీని దొంగిలించి వాడకుండుటకై చీటీపై కాలము వ్రాయబడును. కావున యంత్రముల గడియారములు అయిదు నిమిషములకు మించి భేదించినచో నమ్మకము చెడి తలుపు తెరువబడదు. రేడియోలో సమయము వినగానే గోడగడియారమును సరిచేసికొను అలవాటు మన ఇండ్లలో ఉండెడిది. ఆ అలవాటు నేడు యంత్రముల భద్రతకే ప్రాణమైనది.

ఇంత చెప్పిన పిదప మేము కన్నది యొకటి విన్నవించవలెను. మేమెరిగిన ఒక కార్యాలయమున గుమాస్తా యొకరు బదిలీపై వెడలిరి. ఆయన పేరును పట్టికనుండి తొలగించుట ఎవరికిని తోచలేదు. పని త్వరగా జరుగవలెనని ఆయన గుప్తపదమును అంతకుముందే నలుగురు పంచుకొనియుండిరి. కొన్ని నెలలకు ఒక లెక్క తారుమారైనది. దిద్దినవాని స్థానమున ఆయన పేరే యుండెను. దూరపు ఊరినుండి ఆయన వచ్చి తాను కానని నిరూపించుకొనుటకు పడిన శ్రమను మేము చూచితిమి. పట్టిక అబద్ధమాడలేదు, ఆ పేరితో ఎవరో దిద్దిన మాట నిజమే. కాని పేరును మనిషిని కలుపు ముడి అంతకు చాలముందే తెగిపోయినది.

డైరెక్టరీ నడపువారి ధర్మమంతయు ఆ ముడిని కాపాడుటయందే కలదు. ఉద్యోగి వెడలిన దినముననే ఆతని ప్రవేశమును నిలుపవలెను. వెంటనే చెరిపివేయుట కంటె నిలిపియుంచుట మేలు; ఏలయన, యంత్రము ప్రతి ఖాతాకును పేరుతో పాటు ఒక గుర్తుసంఖ్యను కేటాయించును. చెరిపి, మరల అదే పేరితో క్రొత్త ఖాతా తెరచినను సంఖ్య వేరగును. పాత అధికారములు దానికి రావు. అనగా యంత్రమునకు కూడ ఇద్దరు సుబ్బారావులు ఒక్కటి కారు. ఎవనికైనను పనికి చాలినంత అధికారమే ఈయవలెనని సాల్ట్‌జర్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు 1975లోనే నిర్దేశించిరి. అన్ని తలుపులను తెరవగల నిర్వాహకుడు సైతము తన దినకృత్యములకు మామూలు ఖాతానే వాడుట మంచిది. ఆతడు చేసిన మార్పులు సైతము చిట్టా కెక్కవలెను. ఆ చిట్టాను దిద్దు అధికారము ఆతనికే యుండరాదు.

ఇది పెద్ద సంస్థల గొడవ, మనకేమి యని శ్రోతలు తలపవచ్చును. కాని నందిగామ రైతు పొలపు లెక్క నేడు కాగితపు కవిలెలో లేదు. నెట్‌వర్కు మీద కలదు. 1998లో రిజిస్ట్రేషన్లు, 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ సచివాలయములు మన పేర్లను, పొలములను, పింఛనులను యంత్రములలోని పట్టికల కెక్కించినవి. దిద్దువారికి ఒక ప్రవేశనామము, ఆమోదించువారికి డిజిటల్ సంతకము కలవు. ఆ సంతకపు పరికరమును మరియొకరికి అప్పగించి భోజనమునకు వెడలిన అధికారి, దస్త్రపు పెట్టెను అరుగుమీద తెరచి పెట్టిన కరణముతో సమానుడు. దాని ఫలితము ననుభవించువాడు రైతు.

కరణము పెట్టె పోయినది, తాళపుచెవి పోలేదు. అది కంటికి కానరాని రూపమును దాల్చి, ఎక్కువమంది చేతులలోనికి వచ్చినది. గుట్టమీది స్తంభముపై నాటి శిల్పి తన పేరును, ఊరును, తనవారిని దాచక చెక్కించి, చేసిన పనికి తానే బాధ్యుడనని లోకమునకు ప్రకటించెను. పట్టికలో మన పేరెక్కినచోట జరుగు పనికి మనమే బాధ్యులము కావలెను. మరియొకరి పని మన పేర జరుగకుండ కాపాడుట పట్టికను నడపువారి బాధ్యత. ఈ రెండును నెరవేరిననాడే నెట్‌వర్కు నమ్మదగినదగును.